ముందు సీటులో కుక్కపిల్ల

ఆవలించింది. కుక్కపిల్ల కాదు, మా ఆవిడ. కుక్కపిల్ల ముందు సీటులో గోనెపట్టా మీద, ముక్కు కిటికీ బయటికి పెట్టి బుద్ధిగా కూర్చుంది, గాలికి దాని చెవులు వెనక్కి పడిపోతున్నాయి. ఆవలించింది వెనక సీటులో ఉన్న పరిమళ. అద్దంలో చూశాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేంత పెద్ద ఆవలింత. ఆవలింతంటే నిద్ర అనుకునేవాణ్ణి నేను, ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టుకున్న మొనగాణ్ణి. కడుపులో తిప్పడానికి ముందు వచ్చేది ఆవలింతేనని ఈ ఇరవై రోజుల్లో ఈ మూరెడు కుక్కపిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఆవలింత, తర్వాత పెదాలు తడుపుకోవడం, తర్వాత గుటకలు, ఆపైన చొంగ, ఆ తర్వాత ఇంకేముంది, సీటు కడుక్కోవడమే. ఇంకా గొలుగొండ కూడా రాలేదు. కొయ్యూరు చేరాలంటే కొండ మలుపులన్నీ ముందే ఉన్నాయి. ప్రభువా, ఈ మనిషిని ఇవాళ మా సుజిత గుమ్మం దాకా నవ్వు మొహంతో చేర్చు, ఈ ఏడాదికి నిన్ను ఇంకేమీ అడగను, కారు టైర్ల సంగతి కూడా అడగను.

పదమూడేళ్లయింది ఈవిడ నా కారెక్కి. తొంభై నాలుగులో దిగింది, మళ్లీ ఎక్కలేదు. మిషన్ హాస్టల్లో ఎనభై మంది పిల్లలకి వండి పెట్టిన మనిషి, మిట్టమధ్యాహ్నం ఎండలో బజారుకి నడిచి వెళ్లి సంచులు మోసుకొచ్చుకునేది గానీ, స్టాండులో నా అంబాసిడర్ పక్కనుంచే వెళ్తూ కూడా అటు చూసేది కాదు. "డ్రైవరు పెళ్లానివి, నడిసిపోతన్నావేటమ్మా" అని ఎవరైనా అంటే నవ్వేసి "నాకు పడదు" అనేది. కారు పడదని వాళ్లు అనుకునేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నేను బానెట్ ఎత్తి అందులోకి తల దూర్చేసేవాణ్ణి, అక్కడేదో పెద్ద రిపేరున్నట్టు. అలాంటిది ఇవాళ పొద్దున్న కుక్కపిల్లని ఎక్కించి, నీళ్ల సీసా, పాత గుడ్డలు సర్దుకుని, ప్రార్థన చేసుకుని స్టార్ట్ చెయ్యబోతుంటే వెనక తలుపు తెరిచిన చప్పుడయింది. తిరిగి చూస్తే చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "ఏటిది?" అన్నాను. "సుజితని సూసి నాలుగు నెల్లయింది. కుక్కపిల్లకి ఆపుకుంటా ఎల్తారు కదా, మీరాపినప్పుడల్లా నేనూ దిగుతాను" అంది. అంతే. గేరు ఎటు వెయ్యాలో ఒక్క క్షణం నాకు తోచలేదు. ఇవాళ గానీ ఈవిడ ఈ సీటులో చీర పాడుచేసుకుందంటే, రేపు నేను పోయినా నన్ను తీసుకెళ్లే బండి కూడా ఎక్కదు, సమాధుల దొడ్డి దాకా నడిచే వస్తుంది. నాకు బాగా తెలుసు.

గాలి బాగుంది. చెరకు తోటల మీదుగా వస్తోంది, పచ్చి వాసన. కుక్కపిల్ల ముక్కు ఎగరేస్తోంది, ఇది దాని సొంత ఊరి గాలి మరి. గొలుగొండలో కొండబాబు అని చెరకు రైతు, ఎన్ని పెళ్లిళ్లకి తిప్పానో వాళ్ల ఇంటిల్లిపాదినీ, వాళ్ల బెల్లం పొయ్యి పక్కనే పుట్టిందిది. సుజిత కొయ్యూరు ఆస్పత్రిలో నర్సు, క్వార్టరులో ఒక్కతే ఉంటోంది, వెనకంతా తుప్పలు, పురుగూ పుట్రా. "నాన్నా, ఒక కుక్కుంటే ధైర్యంగా ఉంటాది" అని ఫోన్లో అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. కొండబాబుకి చెబితే "ఎర్రదాన్ని అట్టుకెళ్లండి శ్యాంబాబుగారూ, దానికి తెలివెక్కువ" అన్నాడు. తెలివి మాట దేవుడెరుగు, గొలుగొండ నుంచి ఇంటికి వచ్చేలోపల రెండుసార్లు కక్కింది. సరే, కొత్త కదా అనుకున్నాం. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కొయ్యూరు బయల్దేరదీశాను. మా ఇంట్లో ఎవరినీ ఖాళీ కడుపుతో గుమ్మం దాటనివ్వదు పరిమళ, పాస్టరుగారైనా పాలవాడైనా ఒకటే. దీనికీ పెరుగన్నం కలిపి, అందులో మాంసం ముక్కలు చిదిపి, గిన్నెడు పెట్టింది. ఊరు దాటలేదు, గిన్నెడూ గేరు రాడ్డు మీద ఉంది.

రెండోసారి ఇంకా తెలివైన పని చేశాం. బస్సెక్కితే పడనివాళ్లు ఏం చేస్తారు? నిమ్మకాయ వాసన చూస్తారు, బొడ్డు మీద న్యూస్ పేపరు మడిచి పెట్టుకుంటారు. మా అమ్మ కాలం నుంచీ ఉన్నదే. పరిమళ పేపరు నాలుగు మడతలు వేసి, కుక్కపిల్ల పొట్ట చుట్టూ పెట్టి, లంగా నాడాతో కట్టి పైన ముడేసింది. అది తోక ఊపుతూ నించుంటే హాస్టల్ పిల్లలు పొర్లి పొర్లి నవ్వారు. నిమ్మచెక్క ముక్కు దగ్గర పెడితే ఏడు తుమ్ములు తుమ్మింది, చొంగ ధారగా కారింది. తర్వాత నేను రోడ్డు చూసుకుంటుంటే పేపరంతా చించి మింగేసింది. అదీ కక్కింది. ఎంత కోపం వచ్చిందంటే, బండి పక్కకి తీసి దాన్ని మెడ పట్టుకుని ఎత్తాను, అక్కడే వదిలేద్దామని. నిజంగానే. అది వణుకుతూ నా మణికట్టు నాకింది. ఛీ, నా బతుకు, అనుకుని మళ్లీ సీటులో పెట్టాను.

పశువుల ఆస్పత్రి కాంపౌండరు బాలన్న ఈ కథంతా విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మనిషి వైద్యం కుక్కకి సేసేరేటండీ! పేపరు తీసి పారీండి. పొద్దున్న కడుపుకేటీ పెట్టకండి. ముందు ఆపిన బండిలో ఊరికే కూకోబెట్టండి, దానికి బండంటే భయం పోవాల. ముందు సీటు, కిటికీ తీసుంచండి, నెమ్మదిగా పోనియ్యండి. సొంగ కారిందా, ఆపీండి. నేల మీద నాలుగడుగులు ఏయించి అప్పుడు కదలండి." "అలా ఆపుకుంటా పోతే ఎప్పటికి సేరతానయ్యా?" అంటే నా మొహం కేసి చూసి, "అంత తొందరేటండి మీకు? ఆపడవే మందు" అన్నాడు. ఏం చెప్పను, ఆ మాటకి నాకు చెంప మీద కొట్టినట్టయింది. బాలన్నకేం తెలుసు పాపం, కుక్క సంగతి చెబుతున్నాననుకున్నాడు.

అలా మొదలయింది మా చదువు. సాయంత్రం స్టాండు నుంచి రాగానే, ఇంటి ముందు ఆపిన కారులో నేనూ అదీ. ఇంజను లేదు, ఏమీ లేదు, ఊరికే కూర్చోవడం. వచ్చేపోయేవాళ్లు "శ్యాంబాబూ, కుక్కకి లైసెన్స్ ఎప్పుడొస్తాదేటి?" అని ఒకటే ఎగతాళి. మూడు రోజులు పోయాక ఇంజను వేసి ఊరుకున్నాను. అది నా తొడ కింద తల దూర్చింది. వారానికి వీధి చివరి దాకా, తర్వాత ఊరి మధ్య అబీద్ సెంటరు దాకా. ఆ హారన్లకి మళ్లీ వెనక్కి పోయింది చదువు, మళ్లీ వీధి చివరి నుంచే మొదలు. కసురుకుంటే ఇంకా ఎక్కువ కక్కుతుందని తెలిసింది. తొందరపడితే తెలుస్తుంది దానికి, నా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకోవడం దానికి తెలుస్తుంది. అందుకని నెమ్మదిగా మాట్లాడుతూ నడపడం మొదలుపెట్టాను. "ఇదిగో మలుపొస్తంది తల్లీ, గతుకొస్తంది సూస్కో" అని. నిన్న నిద్రపోయే ముందు ఆలోచించాను, పెళ్లయిన ముప్ఫై మూడేళ్లలో మలుపొస్తందని పరిమళకి ఒక్కసారైనా చెప్పానా అని. లేదు.

అప్పట్లో ముందు సీటు ఎవరిదో నాకు బాగా తెలుసు. తొంభైలో కొన్నాను ఈ అంబాసిడర్‌ని, సెకండ్ హ్యాండే గానీ తెల్లగా, పెళ్లికూతురిలా ఉండేది. నర్సీపట్నం స్టాండులో వరసగా పది కార్లు నిలబడితే నాది వేరే కనబడేది. ముందు సీటులో డాక్టరుగారు, కాంట్రాక్టరుగారు, పెళ్లికొడుకు తండ్రి, పాస్టరుగారు. బాడుగ ఇచ్చేవాళ్లదో, దండం పెట్టించుకునేవాళ్లదో ఆ సీటు. ఇంటి ఆడవాళ్లు వెనక. అదేమీ ఎవరూ రాసిపెట్టలేదు, అలా ఉండేది అంతే. ఏం రోజులవి! క్యాసెట్ ప్లేయరు పెట్టించాను, సీట్లకి ఎర్ర రెగ్జిను కవర్లు కుట్టించాను, డ్యాష్‌బోర్డు మీద సిలువ అంటించాను. కొండల్లోకి వెళ్తే సీతాఫలాల బుట్టలు డిక్కీ నిండా, జీడిపిక్కలు కాల్చిన వాసన సీట్లకి పట్టేసి వారం దాకా పోయేది కాదు. కొన్న కొత్తలో పరిమళనీ సుజితనీ వెనక కూర్చోబెట్టుకుని రావికమతం తీసుకెళ్లాను, ఊరికే, చూపించుకోడానికి. సుజితకి ఎనిమిదేళ్లు, కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊరందరికీ టాటా చెప్పింది. పరిమళ కొత్త చీర కట్టుకుంది, ఆకుపచ్చది, జడలో కనకాంబరాలు. అద్దంలో చూసి ఎంత మురిసిపోయానో. దారిలో కక్కేసింది. నా ఎర్ర రెగ్జిను మీద. నేను రావికమతం దాకా మాట్లాడలేదు, తిరిగి వచ్చేటప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ తన చీర కొంగుతోనే సీటు తుడిచింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఆకుపచ్చ చీరే కళ్ల ముందుకొస్తుంది, కారు అప్పుడెంత మెరిసేదో కూడా సరిగ్గా గుర్తుకి రాదు.

ఆగాలి. కుక్కపిల్ల పెదాలు నాక్కుంటోంది. గొలుగొండ దాటి రోడ్డు పక్క వెడల్పుగా ఉన్నచోట ఆపి దాన్ని దింపాను. పరిమళ కూడా దిగింది, నేల మీద కాళ్లు ఆనించి గట్టిగా గాలి పీల్చుకుంది. కుక్కపిల్ల గడ్డిలో వాసన చూసి, ఒకటికి పోసి, ఆవిడ చెప్పు కొరకబోయింది. "దీనికి మీరు సేసిన సేవ సూస్తే నవ్వొస్తంది" అంది పరిమళ, నవ్వకుండానే. "ముందుకొచ్చి కూకుంటావా, దాన్ని నీ ఒళ్లో పెట్టుకుని?" అన్నాను. "ఒద్దులెండి, దాని సదువు సెడిపోద్ది" అని వెనకే ఎక్కింది. నేను బతిమాలలేదు. నాకు బతిమాలడం రాదు, అదే నా రోగం.

తొంభై నాలుగు. ఇక్కడికి వచ్చాక ఆ సంవత్సరాన్ని తప్పించుకుని పోవడానికి వేరే రోడ్డు లేదు. మా మామగారు కొండ గ్రామాల్లో సువార్త చెప్పుకుంటూ తిరిగిన మనిషి, కాళ్లే ఆయన బండి. కొయ్యూరు అవతల పోయారు. కబురు మధ్యాహ్నానికి అందింది, సాయంత్రం లోపల సమాధి చెయ్యాలి. ముందు సీటులో పాస్టరుగారు, వెనక నలుగురు, కిటికీ పక్కన పరిమళ. కబురు అందినప్పటి నుంచి ఏడుస్తూనే ఉంది, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మలుపులు మొదలయ్యాక "ఆపండి" అంది. నేను ఆపలేదు. పాస్టరుగారు పక్కనుండగా పెళ్లాం అడిగిందని బండి ఆపడమా అని ఒకటి. శ్యాంబాబు బండి ఏ రోజూ లేటవ్వలేదన్న పేరొకటి. అన్నిటికంటే, ఆవిణ్ణి వాళ్ల నాన్న దగ్గరికి వేళకి చేర్చాలన్నదీ ఒకటి, అది అబద్ధం కాదు. రెండోసారి కాస్త గట్టిగా అంది. మూడోసారి అననే లేదు, నోట్లోంచి మూలుగు మాత్రం వచ్చింది. ఇరవై నిమిషాల ముందే చేర్చాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం రొమ్ము మీంచి పాదాల దాకా పాడైపోయిన చీరతో దిగి, తండ్రి పెట్టె దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి, గోడ పక్కనే నిలబడిపోయింది. ఎవరో నూతి దగ్గరికి తీసుకెళ్తే అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. తేరుకుని వచ్చేసరికి పెట్టె మూత వేసేశారు. మళ్లీ తియ్యమని ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు. తర్వాత వాళ్లమ్మ నా కేసి చూస్తే "ఇంజను మోతకి వినబడలేదండీ" అన్నాను. అదే మాట పరిమళకీ చెప్పాను, సుజితకీ చెప్పాను, పదమూడేళ్లుగా ఎవరడిగినా చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానంటే ఒక్కోసారి నాకే నిజంగా ఇంజను మోత వినిపించేది.

కొండ మొదలయింది. రెండో గేరు. ఎడంవైపు లోయ, కింద జీడిమామిడి తోటలు. "మలుపొస్తంది తల్లీ" అన్నాను అలవాటుగా, చూస్తే కుక్కపిల్ల చుట్టచుట్టుకుని నిద్రపోతోంది. పొట్ట నెమ్మదిగా లేస్తోంది, పడుతోంది, చొంగ లేదు, గుటకలు లేవు. గెలిచింది ముండ! ఇంక దీనికి ఆపక్కర్లేదు, ఒక్క దమ్మున కొయ్యూరు వెళ్లిపోవచ్చు, పన్నెండింటికల్లా సుజిత చేతిలో పెట్టచ్చు. ఆ సంతోషంలో కాలు యాక్సిలరేటర్ మీద కాస్త బరువుగానే పడింది, ముప్ఫై ఏళ్ల కాలు మరి, ఊరికే ఉంటుందా. అద్దంలో చూశాను. పరిమళ కొంగు నోటికి పెట్టుకుని ఉంది. పెదాలు తడుపుకుంటోంది. గుటక. ఇంకో గుటక. కళ్లు రోడ్డు మీద లేవు, నిద్రపోతున్న కుక్కపిల్ల మీద ఉన్నాయి. అది ఎప్పుడు లేస్తుందా అని చూస్తోంది. అది లేస్తే నేను ఆపుతాను, నేను ఆపితే తను దిగుతుంది. దానికోసం ఎదురు చూస్తోంది గానీ, ఆపండీ అన్న మాట మాత్రం అనడం లేదు. అనదు. నా దగ్గర ఆ మాట ఇంక అనదు.

ఆపాను. మలుపు తిరగ్గానే, బండలున్నచోట, హ్యాండ్ బ్రేకు వేసి ఇంజను కూడా కట్టేశాను.

"అది పడుకుంది కదండీ, ఎందుకాపేరు?"

"దానిక్కాదు. నీకు. దిగు."

దిగింది. నాలుగడుగులు వేసి ఒక బండ దగ్గర వంగింది. ప్యాసింజర్లు కక్కేటప్పుడు అటు తిరిగి టైర్లు తన్ని చూసుకోవడం మా డ్రైవర్ల మర్యాద. నా కాళ్లు టైరు వైపే వెళ్లాయి, అలవాటు. వాటిని తిప్పుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. జుట్టు మొహం మీద పడకుండా వెనక్కి తీసి, అరచేత్తో నుదురు పట్టుకున్నాను. చల్లగా ఉంది, చెమట. ముప్ఫై మూడేళ్లలో ఈ నుదురు ఇలా చల్లబడుతుందని నాకు తెలియదు. బిడ్డ జ్వరానికి పట్టుకున్నాను, ముక్కూ మొహం తెలియని ప్యాసింజర్లకి నీళ్లందించాను, ఇరవై రోజులుగా కుక్కపిల్ల మూతి తుడుస్తున్నాను. వంగి ఉన్న వీపు ఎగిరెగిరి పడుతోంది. ఆవిడ మొహం నాకు కనబడటం లేదు. అందుకేనేమో నోరు వచ్చింది.

"పరిమళా, ఆ రోజు నాకు ఇనబడింది. మూడుసార్లూ ఇనబడింది. ఇనబడీ ఆపలేదు."

కింద లోయలో ఎక్కడో ఎవరో కట్టెలు కొడుతున్నారు. ఆవిడ ఉమ్మి, ఊపిరి తీసుకుని, నేను అందించిన సీసాతో పుక్కిలించింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండును. తల ఎత్తలేదు.

"తెల్సు" అంది. "అద్దంలో మీరు నన్ను సూసేరు. నేనూ మిమ్మల్ని సూసేను."

పదమూడేళ్లు. నేను చెప్పిన ప్రతిసారీ, వాళ్లమ్మకి చెబుతుంటే, పిల్లకి చెబుతుంటే, పక్కనే నిలబడి వింటూ, అన్నం వడ్డిస్తూ, ఒక్కసారి కూడా నన్ను అబద్ధాలకోరు అనకుండా. క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు. చెయ్యి దానంతటదే ఆవిడ నుదుటి మీంచి జారింది.

"సెయ్యి తియ్యకండి" అంది పరిమళ, మళ్లీ వంగుతూ. "ఇంకా అవలేదు."